స్టేషన్ నుంచి తిరిగొచ్చిన కోటు

తండ్రి చలికోటు ఛాతీ దగ్గర అస్తరు విప్పి, లోపలి గుర్రపు వెంట్రుకల మెత్తలోకి వేళ్లు పోనిచ్చిన ఫ్రీడెల్‌కు, ఎనిమిదేళ్ల కిందట నాజీల క్యాంపులో చచ్చిపోయిన మనిషి పతకం దొరికింది.

ఇనుప శిలువ, మొదటి తరగతి. వెనకవైపు చెక్కిన అక్షరాలను బొటనవేలితో తుడిచి చదివింది. లెఫ్టినెంట్ బెన్నో ష్టైన్‌హార్ట్, 1917.

కత్తెర పక్కన పెట్టి, పతకాన్ని బల్ల మీద ఉంచింది.

ఉదయం తొమ్మిది కావస్తోంది. మధ్యాహ్నం రెండు గంటలకు తండ్రి విచారణ. లిండెన్‌ఫుర్ట్ ఊరి సత్రం హాల్లో, నాజీల లెక్క తేల్చే మండలి ముందు మేజర్ ఓట్మార్ లాంగ్‌హైన్ నిలబడాలి. కోటుకి పురుగు కొట్టిన చోట ఓ అతుకు వేసి, కాస్త మర్యాదగా పంపుదామని ఆమె సూది పట్టుకుంది. పాత కోట్లు విప్పి, తిరగేసి, కొత్తగా కుట్టి ఇవ్వడమే ఆమెకిప్పుడు బతుకుతెరువు. మొగుడు రష్యాలో పోయాడు. సొంత ఇంట్లో, ఊరిని పట్టుకున్న అమెరికన్ సైనికులున్నారు. తండ్రీ కూతుళ్లు ఒక బేకరీ పైన ఒకే గదిలో ఉంటున్నారు.

మెత్తను కోటుకి పట్టి ఉంచిన కుట్లు చూసింది. ఆకుపచ్చ పట్టుదారం. బూడిదరంగు కోటుకి ఆకుపచ్చ దారం ఏ దర్జీ వాడడు. ఆ దారం ఆమెదే.

బాగా గుర్తుంది. 1938 నవంబరు. యూదుల కొట్లన్నీ పగలగొట్టిన మర్నాడు, బట్టల వ్యాపారి బెన్నో మామయ్య తోట దారిన వాళ్లింటికి వచ్చాడు. పెదవి చిట్లి ఉంది. అతనూ నాన్నా ఒకే రెజిమెంటులో నాలుగేళ్లు పోరాడినవాళ్లు. నాన్న అతన్ని లోపలికి తీసుకున్నాడు. తన కోటు తీసి ఇచ్చాడు. "లోపలి జేబు చిరిగింది ఫ్రీడెల్, సూదీ దారం ఇస్తావా తల్లీ?" అని బెన్నో మామయ్య అడిగితే, చేతిలో ఉన్న ఎంబ్రాయిడరీ దారమే ఇచ్చింది. మర్నాడు తెల్లారేసరికి అతను వెళ్లిపోయాడు. హాలండ్ సరిహద్దు దగ్గర పట్టుబడ్డాడనీ, జనవరిలో క్యాంపులో గుండె ఆగి పోయాడనీ ఆ తర్వాత తెలిసింది.

సరిహద్దు అక్కడికి ఐదు వందల కిలోమీటర్లు. ఆ కోటు వేసుకుని పోయినవాడు తిరిగి రాలేదు. మరి కోటెలా వచ్చింది?

ఆ ఏడాది డిసెంబరులో నాన్న ఒంటి మీద ఇదే కోటు చూసి ఆమె అడిగింది కూడా. "అదే దర్జీ, అదే గుడ్డ. ఇంకోటి కుట్టించుకున్నా," అన్నాడు. నమ్మింది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మేజర్ మంగలి దగ్గర్నుంచి వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లు. ఒక ఊపిరితిత్తి రష్యా చలికి పోయింది. అయినా వీపు ఇంకా కర్రలాగే ఉంది.

"అయిందా కోటు?" అన్నాడు తలుపు తీస్తూనే. అంతలో బల్ల మీది పతకం చూశాడు. ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. టోపీ తీసి కొక్కేనికి తగిలించాడు.

"ఎక్కడిదది?"

"మీ కోట్లోది."

"దాచమని ఇచ్చాడేమో. గుర్తులేదు."

"మీకివ్వలేదు నాన్నా. మీక్కూడా తెలీకుండా కుట్టుకున్నాడు. నా దారంతో. ఆయన వేసుకుని వెళ్లిన కోటే ఇది."

మేజర్ కుర్చీలో కూర్చున్నాడు. బార్లీ కాఫీ కప్పులో పోసుకున్నాడు. కప్పు నిండి పళ్లెంలోకి కారుతున్నా పోస్తూనే ఉన్నాడు.

"పోలీసులు సరిహద్దు నుంచి పంపారు," అన్నాడు. "కాలర్ లోపల నా పేరుంటుంది కదా."

"ఇంకోటి కుట్టించానన్నారే అప్పుడు?"

"నువ్వు బాధపడతావని."

"నాకు ఇరవై ఏళ్లు అప్పటికి. పాపాయినా?"

"ఫ్రీడెల్!" గొంతు కవాతు మైదానంలోకి వెళ్లింది. వెంటనే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "ఇదిగో, విను. ఇవాళ నువ్వేం చెప్పాలి? బెన్నో వచ్చాడు. నేను లోపలికి పిలిచాను. కోటిచ్చాను. తెల్లారి వెళ్లాడు. అంతే కదా? అందులో ఒక్క అబద్ధం ఉందా?"

లేదు. ప్రమాణం చేసి చెప్పాల్సిన మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు.

నూట ముప్పై ఒక్క ప్రశ్నల విచారణ పత్రం ఆమె చేతిరాతతోనే నింపింది. తండ్రి బతుకంతా అందులో ఉంది. 1915లో లెఫ్టినెంట్. 1918లో ఒక నది గట్టు మీద మూడు మెషీన్‌గన్నులు పట్టుకున్నందుకు రాజుగారి నీలి శిలువ, ఆ రోజుల్లో అంతకు మించిన బిరుదు లేదు. ఆ గట్టు మీద తండ్రి కాలికి గుండు తగిలితే భుజాన వేసుకు మోసినవాడు బెన్నో. యుద్ధం ఓడాక సైన్యాన్ని కుదించారు, నీలి శిలువ ఉన్నవాణ్ణి కూడా ఇంటికి పంపేశారు. పన్నెండేళ్లు ఇల్లిల్లూ తిరిగి పైకప్పు పెంకులు అమ్మాడు. వంటగది తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు. 1931లో నాజీ పార్టీలో చేరాడు. మెడలో శిలువతో వేదిక ఎక్కితే బీరు హాళ్లు దద్దరిల్లేవి. 1933లో జిల్లా మాజీ సైనికుల సంఘానికి నాయకుడు. 1938 డిసెంబరులో మళ్లీ యూనిఫారం, మేజర్ పదవి, ఒక బెటాలియన్. తర్వాత పోలండ్, రష్యా, అమెరికన్ ఖైదు.

ఇవన్నీ తెల్లకాగితం మీద నల్లగా ఉన్నాయి. వాటికి ఎదురు ఒక్క బెన్నో కథే. మండలి దాన్ని నమ్మితే 'ఊరికే వెంట నడిచినవాడు' అని రాసి వదిలేస్తుంది. పెన్షనూ, ఇంట్లో రెండు గదులూ వస్తాయి. నమ్మకపోతే ఐదేళ్ల కూలి క్యాంపు. ఒక ఊపిరితిత్తితో ఐదు నెలలు కూడా బతకడు.

ఫ్రీడెల్ పతకం జేబులో వేసుకుని శాలువా కప్పుకుంది.

"ఎక్కడికి?"

"దారం అయిపోయింది," అంది.

* * *

కిలియాన్ చెప్పుల కొట్టు చర్చి వెనక సందులో ఉంది. మొదటి యుద్ధంలో అతను మేజర్‌కు నౌకరు, తర్వాత డ్రైవరు, ఇప్పుడు చెప్పులు కుట్టేవాడు. నోట్లో మేకులు పెట్టుకునే మాట్లాడతాడు.

"రా రా ఫ్రీడెలమ్మా. మేజర్ దొరగారి స్నానం ఇవాళేగా? మరకలు పోగొట్టే సాక్ష్యపత్రం, నా సబ్బుచీటీ, ఎప్పుడో ఇచ్చేశా. 'ఈయన మనసులో ఏనాడూ నాజీ కాదు' అని. ఇప్పటికి పదిహేడు మందిని ఉతికాను ఈ చేత్తో. పోస్టుమాస్టర్ని ఉతికితే బీట్‌రూట్ బస్తా ఇచ్చాడు. మీ నాన్న ఏమీ ఇవ్వక్కర్లేదు, సెల్యూట్ కొడితే చాలు."

మంచుకు కిటికీ అద్దం తెల్లబడి ఉంది. ఫ్రీడెల్ పతకాన్ని అతని దిమ్మె మీద పెట్టింది.

కిలియాన్ వెనక్కి తిప్పి చదివాడు. నోట్లోని మేకులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు.

"ఎక్కడ దొరికింది?"

"కోట్లో. ఆ రోజు కారు తోలింది నువ్వే కదా. సరిహద్దు దాకా తీసుకెళ్లావా?"

"సరిహద్దా! పెట్రోలెవడిచ్చాడు? ఏడు కిలోమీటర్లు. పక్క స్టేషన్ దాకా. అక్కడైతే గుర్తుపట్టేవాళ్లుండరని దొరగారే చెప్పారు."

"ఆ తర్వాత?"

"నన్నడక్కు తల్లీ."

"మరెవర్నడగను?"

"ఎవర్నీ అడక్కు. ఊరంతా ఒకే నీళ్లలో మునిగి లేచాం. ఎవడి వీపు మురికి వాడికి కనపడదు, పక్కవాడు చూసీ చెప్పడు. అలా గడిచిపోతోంది. నువ్వొక్కదానివే అద్దం పట్టుకు తిరుగుతావా?"

"రెండు గంటలకి బైబిల్ మీద చెయ్యి పెట్టాలి కిలియాన్. ఇద్దరు పిల్లలతో నీ చెల్లెలు ఆకలికి చస్తుంటే మా ఇంట్లో పెట్టుకున్నాం. ఆ ఋణం కోసమైనా చెప్పు."

కిలియాన్ సుత్తి దిమ్మె మీద పెట్టాడు.

"మేం వెళ్లేసరికే ఇద్దరున్నారు ప్లాట్‌ఫారం మీద," అన్నాడు. "తోలుకోట్ల రహస్య పోలీసులు. ఏడుంపావు బండి కోసం కాదు, మా కోసం. ముందే తెలిసినట్టు నిలబడ్డారు. బెన్నో దొర దిగాడు, అంతే, పట్టుకున్నారు. కాలర్ తిప్పి పేరు చదివారు. 'ఈ కోటు లాంగ్‌హైన్ గారిదే, నీకెలా వచ్చింది?' అన్నారు. ఆయనేమన్నాడో తెలుసా? 'దొంగిలించాను' అన్నాడు. 'తోటలో ఆరేసి ఉంటే ఎత్తుకొచ్చాను. ఆయనకేమీ తెలీదు. ఈ డ్రైవర్ని కూడా అబద్ధం చెప్పి తీసుకొచ్చాను' అన్నాడు. అలా నన్ను వదిలారు."

ఫ్రీడెల్ దిమ్మె మీంచి పతకం తీసుకుంది.

"మూడు రోజులకి దొరగారు నాకో కాగితమిచ్చి పోలీసు స్టేషన్‌కి పంపారు, కోటు తెమ్మని. పోయిన సొత్తు దొరికిందని రసీదు. కింద ఆయన సంతకం ఉంది. నేను చదవలేననుకున్నారు పాపం."

"వాళ్లకి ముందే ఎవరు చెప్పారు?"

"నేను చెప్పలేదు. నువ్వు చెప్పలేదు. ఇంట్లో ఇంకెవరున్నారో నువ్వే లెక్కపెట్టుకో."

"రసీదు గురించి ఇవాళ చెప్తావా హాల్లో?"

"నేనా!" కిలియాన్ మేకులు మళ్లీ నోట్లో వేసుకున్నాడు. "ఆయన మనసులో ఏనాడూ నాజీ కాదని సంతకం పెట్టిన చెయ్యి ఇదే. దీన్ని ఎక్కడ కోసి పారెయ్యను?"

* * *

సత్రం హాల్లో పొయ్యి ఉంది, బొగ్గు లేదు. అందరూ కోట్లతోనే కూర్చున్నారు. మేజర్ మాత్రం కోటు లేకుండా, పలచటి నల్ల జాకెట్టుతో పక్కనే ఉన్న సాక్షుల గదిలో బెంచీ మీద ఉన్నాడు. చలికి పెదవులు నీలంగా ఉన్నాయి. ఫ్రీడెల్ తలుపు మూసి అతని ఎదురుగా నిలబడింది.

"కిలియాన్ చెప్పాడు. స్టేషన్ సంగతి, రసీదు సంగతి. ఇంక అబద్ధమాడకండి."

మేజర్ జాకెట్టు బొత్తాలు పెట్టుకున్నాడు.

"ముందుగా ఎవరు చెప్పారు నాన్నా వాళ్లకి?"

"నీకేం కావాలి?" అన్నాడు. "నేను క్యాంపులో చావాలా? కానీ. ఆ గదిలో ఒక్కదానివే బంగాళదుంప తొక్కలు ఉడకబెట్టుకో. బెన్నో లేచొస్తాడా దాంతో?"

"రాడు."

"మరి?"

ఈ మనిషే తల్లి పోయాక ఆమెకు జడలు వేశాడు. పెంకుల సంచీలో ప్రతి శనివారం ఒక బెల్లపు రొట్టె దాచి తెచ్చేవాడు. నిన్న రాత్రి కూడా తన వంతు వెన్న ఆమె రొట్టెకే రాశాడు. ఆ చెయ్యే సంతకం పెట్టింది.

తలుపు తట్టి ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. ఇంగ్లీషు వాళ్ల టోపీ, చేతిలో తోలు సంచీ. ఒక్క క్షణం ఫ్రీడెల్ గుర్తుపట్టలేదు. బెన్నో భార్య సెల్మా. అప్పట్లో ముందుగా ఇంగ్లండు చేరి, వెనకాలే వస్తాడని మొగుడి కోసం ఎదురుచూసిన మనిషి.

"ఫ్రీడెల్! ఎంత చిక్కిపోయావే పిల్లా!" అని రెండు బుగ్గలూ పట్టుకుంది. "మా బట్టల కొట్టు కాగితాల కోసం వచ్చా. మేజర్‌గారి విచారణ అని రేడియో బాగుచేసే అతను చెప్పాడు. ఒక్క రోజు ఆగాను, చెప్పి పోదామని."

"ఏం చెప్పాలని సెల్మా అత్తా?" అంది ఫ్రీడెల్.

"ఇంకేముంది చెప్పడానికి! ఈ ఊళ్లో అందరూ తలుపులేసుకున్న రోజున ఈయనొక్కడే తీశాడు. బెన్నో నాకు మీ ఇంటి నుంచే చివరి కార్డు రాశాడు. 'ఓట్మార్ తన కోటిచ్చాడు, వెచ్చగా ఉంది' అని. ఎనిమిదేళ్లు, పిల్లా. ఆ ఒక్క ముక్క పట్టుకునే బతికాను. పోయేముందు ఎవరో ఒకరు ఆయనకి చలి వెయ్యకుండా చూశారు కదా అని."

ఆమె మేజర్ వైపు తిరిగి చెయ్యి చాచింది. మేజర్ లేచి నిలబడ్డాడు గానీ, సరిగ్గా అప్పుడే గుమాస్తా పిలిచాడు. చాచిన చెయ్యి అలాగే మిగిలింది.

ఫ్రీడెల్ బయటి నడవలోంచే పరిగెత్తి పారిపోవాలనుకుంది. చెబితే తండ్రి పోతాడు. సెల్మాకి మిగిలిన ఆ ఒక్క ముక్కా పోతుంది. చెప్పకపోతే బెన్నో చచ్చిన చోటు మీద, ఆయన పేరుతోనే, ఈ ముసలావిడ చేతులతోనే సున్నం వేయించినట్టవుతుంది. ఎటు చూసినా దారి లేదు. కాళ్లు మాత్రం హాల్లోకి నడిచాయి.

మండలి అధ్యక్షుడు పళ్లు లేని ఒక ప్రింటింగ్ కార్మికుడు. నాజీల క్యాంపులోనే పోగొట్టుకున్నాడంటారు. "ముందు శ్రీమతి ష్టైన్‌హార్ట్," అన్నాడు.

సెల్మా ప్రమాణం చేసింది. కార్డు తీసి చదివింది. హాల్లో ఎవరో ముక్కు చీదారు. "ఈయనకి నేను అందరి ముందూ కృతజ్ఞత చెప్పాలి. మా ఆయన తరఫున," అని సెల్మా మేజర్ కూర్చున్న బల్ల వైపు నడిచింది.

"వద్దు అత్తా!"

ఆ అరుపు తనదేనని ఫ్రీడెల్‌కు కాసేపటికి గానీ తెలీలేదు. హాలంతా ఆమె వైపు తిరిగింది.

"నీ వంతు తర్వాత," అన్నాడు అధ్యక్షుడు.

"నా వంతులో నేను చెప్పేవన్నీ నిజాలే అయ్యా. అవి వింటే మీరు వదిలేస్తారు. అందుకే ముందు ఆయన్ని ఒకటి అడగండి. ఆ కోటు ఎవరి సంతకంతో తిరిగొచ్చిందో అడగండి."

సెల్మా నడిచేది ఆగిపోయింది. ఫ్రీడెల్‌నీ, మేజర్‌నీ మార్చి మార్చి చూసింది.

"ఓట్మార్?" అంది. "కోటు సరిహద్దు దగ్గరే పోయింది కదూ?"

మేజర్ లాయరు లేచి ఏదో అనబోయాడు. మేజర్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు. రెండు మడమలూ దగ్గరకు చేర్చి నిటారుగా నిలబడ్డాడు, ముప్పై ఏళ్ల కిందట కర్నల్ ముందు నిలబడినట్టు. కళ్లు సెల్మా మీద లేవు, గోడ మీద ఉన్నాయి.

"లాయరుగారూ, మీరు మాట్లాడకండి. నివేదిక నేనిస్తాను.

"శుక్రవారం, నవంబరు పదకొండు, 1938. ముందు రాత్రే బెన్నో ష్టైన్‌హార్ట్‌కి నా కోటు ఇచ్చాను. మనస్ఫూర్తిగానే ఇచ్చాను. మీకు నవ్వు రావచ్చు, అయినా నిజం. ఉదయం ఐదున్నరకి జిల్లా పార్టీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. నా తోటలో ఒక యూదుణ్ణి ఎవరో చూశారట. 'మిమ్మల్ని మళ్లీ సైన్యంలోకి తీసుకునే కాగితం నా బల్ల మీదే ఉంది లాంగ్‌హైన్, ఎటు పంపమంటారు?' అన్నాడు అవతలివాడు. నేను చెప్పాను. ఏ స్టేషనో, ఏ బండో చెప్పాను. అప్పటికి బెన్నో వంటగదిలో కాఫీ తాగుతున్నాడు. వెళ్లి అతనికి రొట్టె కోసి ఇచ్చాను. కారు దాకా సాగనంపాను.

"ఎనిమిదింటికి పోలీసులు ఫోన్ చేశారు. కోటు దొంగిలించానని అతను ఒప్పుకున్నాడట. నన్ను కాపాడదామనుకున్నాడు. పట్టించింది నేనని అతనికి తెలీదు. 'మీరిచ్చారా, ఎత్తుకెళ్లాడా?' అని అడిగారు. ఎత్తుకెళ్లాడన్నాను. మూడు రోజులకి సంతకం పెట్టి కోటు వెనక్కి తెప్పించుకున్నాను. మంచి గుడ్డ. చలికాలం.

"డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది, మొదటి యుద్ధంలో పోరాడిన యూదుల్ని క్యాంపుల నుంచి వదిలెయ్యమని. సంఘం నాయకుణ్ణి కదా, ఒక నకలు నాకూ పంపారు. జాబితాలో బెన్నో పేరుంది. దాని పక్కనే 'దొంగతనం కేసు, విడుదల ఆపాలి' అని రాసుంది. కోటు నేనే ఇచ్చానని ఒక్క మాట చెబితే ఆ రాత కొట్టేసి అతన్ని వదిలేవాళ్లు. నాకు తెలుసు సెల్మా. చదవగానే తెలుసు.

"ఆ మధ్యాహ్నం కొత్త యూనిఫారానికి కొలతలు తీసుకోవడానికి దర్జీ ఇంటికొచ్చాడు. గంటసేపు చేతులు చాపి నిలబడ్డాను. ఫోను పక్క బల్ల మీదే ఉంది, చెయ్యి కొంచెం వంచితే అందేది. వంచితే కొలత తప్పుతుందన్నాడు దర్జీ. నేను వంచలేదు."